దర్జీగారి గింజల సంచులు

దర్జీ తలుపు గడియ పెట్టాడు. కిటికీ మూశాడు. మొదటి రకం గింజల్ని చెత్త సంచిలోకి, చెత్త గింజల్ని మొదటి రకం సంచిలోకి మార్చేశాడు. సంచుల మీద కుట్టిన చీటీల జోలికి మాత్రం పోలేదు.

"ఇప్పుడు ఎత్తుకుపోరా బామ్మర్దీ," అనుకున్నాడు. ఆ సంతోషంలో ఎవరిదో ప్యాంటుకు జిప్పు తిరగేసి కుట్టాడు.

అవి కూర గుమ్మడి గింజలు కావు. రాక్షస గుమ్మడివి. ఒక్క కాయ కదలాలంటే ఆరుగురు మగాళ్లు నడుములు పట్టేయించుకోవాలి. ఏటా ఈ కాయలకు పోటీ పెడతారు. దర్జీ వరుసగా నాలుగేళ్లు గెలిచాడు. ఐదోసారి కూడా గెలిస్తే కప్పు ఇక ఎప్పటికీ ఆయనదే. దాన్ని పెట్టుకోవడానికి కుట్టుమిషను ఎదురుగా గోడకు చెక్క కూడా బిగించేశాడు.

గింజల విషయంలో ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. కొట్టుకు వచ్చేవాళ్ల మెడ కొలత తప్పినా తప్పుతుంది గానీ గింజ వంశం తప్పదు. తెల్లారుతూనే పాదు దగ్గరికి వెళ్లి, స్వయంగా పుప్పొడి అద్ది, తేనెటీగలు దూరకుండా పువ్వు మూతి దారంతో కట్టేసేవాడు. కాయ కోశాక గింజలు కడిగి, ఆరబెట్టి, బాగా లావుగా ఉన్న పన్నెండింటి మీద సిరాతో నంబర్లు వేసేవాడు. వాటికి సూటు గుడ్డతో సంచి. తల్లి కాయ బరువెంత, తండ్రి ఏ తీగ, ఏ సంవత్సరం, అన్నీ చీటీ మీద రాసి, పైన 'మొదటి రకం' అని పెట్టి, ఆ చీటీని సంచికి కుట్టేవాడు. వంకరవీ బక్కవీ లైనింగు గుడ్డ సంచిలోకి పోయేవి. దాని మీద ఒకటే మాట, 'చెత్త'.

"మన పెళ్లి ఏ సంవత్సరంలో అయిందో చెప్పండి చూద్దాం," అంది భార్య ఒకసారి.

"ఆ ఏడు గుమ్మడి వేయలేదు కదే, ఎలా గుర్తుంటుంది?" అన్నాడు దర్జీ.

ఆయనకు ఉన్న ఒకే ఒక్క దిగులు ఆమె తమ్ముడు. బస్సు కండక్టరు. పక్క వీధిలోనే కాపురం. మూడేళ్లుగా రెండో బహుమతి వాడిదే. వాడి కాయకు అదే రంగు, అవే చారలు, అడుగున అదే సొట్ట. తన కాయ పోలికలన్నీ బామ్మర్ది పెరట్లో కనబడుతుంటే ఏ మగాడు మాత్రం ఊరుకుంటాడు?

నాలుగేళ్ల కిందట వాడొచ్చి ఒక్క గింజ అడిగాడు. దర్జీ పెద్దగా నవ్వి, "కావాలంటే చెత్తలోంచి ఏరుకో పో," అన్నాడు. కండక్టరు సరేనని తలాడించి వెళ్లాడు. మళ్లీ అడగలేదు. అడగనివాడికి గింజ ఆకాశంలోంచి ఊడిపడుతుందా? టికెట్టు లేనివాళ్లను పట్టుకునే ఉద్యోగం చేస్తూ వీడు చేసే పని ఇదన్నమాట.

చిక్కల్లా ఏమిటంటే, సూటు గుడ్డ సంచి ఎప్పుడు విప్పినా పన్నెండు గింజలూ ఉండేవి. దర్జీ దానికీ సమాధానం కనిపెట్టాడు. వాడు మంచి గింజ తీసుకుని, అదే నంబరు వేసి దొంగ గింజ పెడుతున్నాడు. లెక్క సరిపోయిందంటేనే తెలియడం లేదూ, ఎంత ఆరితేరాడో. చెత్త సంచిలో ఏటా ఒక గింజ తగ్గేది. అది ఎలుకల పనని వదిలేసేవాడు.

"వాడు అలాంటివాడు కాదండీ," అనేది భార్య.

"నీ తమ్ముడు కదా, ఇంకేమంటావు," అనేవాడు దర్జీ.

అందుకే ఈ ఏడు గింజలు తారుమారు చేశాడు.

విత్తే రోజు వచ్చింది. ముందు మొదటి రకం సంచి విప్పాడు. తను పోసిన చెత్త గింజలు పన్నెండూ ఉన్నాయి. అంటే బామ్మర్ది వచ్చి మార్చుకుపోయాడన్నమాటే. పడీపడీ నవ్వుకున్నాడు. తర్వాత చెత్త సంచి విప్పి నవ్వు ఆపేశాడు. తను దాచిన మంచి గింజలు పదకొండే ఉన్నాయి. ఏడో నంబరు లేదు. అన్నిటికన్నా లావుపాటిది అదే.

"పాడు ఎలుక. దానికి చదువు రాదు కాబట్టి చీటీ చూసి మోసపోలేదు," అన్నాడు దర్జీ. బోను పెట్టాడు. వారం తర్వాత అందులో భార్య బొటనవేలు పడింది. ఎలుక పడలేదు.

చేసేది లేక మూడో నంబరు నాటాడు. అది కూడా మంచి గింజే. నీళ్లు పోశాడు, ఎండకు దుప్పటి కప్పాడు, తీగతో కబుర్లు చెప్పాడు.

పోటీ నాడు దర్జీ కాయ మూడు వందల పద్దెనిమిది కిలోలు తూగింది. చప్పట్లు కొట్టారు. తర్వాత కండక్టరు తన కాయ మీది టార్పాలిన్ లాగాడు. మూడు వందల ముప్పై ఒకటి.

దర్జీకి గోడ మీది ఖాళీ చెక్క కళ్ల ముందు ఆడింది. వెళ్లి మైకు లాక్కున్నాడు.

"వీడు దొంగ. మా ఇంట్లో మొదటి రకం సంచిలోంచి ఏటా గింజ కొట్టేస్తున్నాడు."

"రుజువేమైనా ఉందా?" అన్నాడు తూకం వేసే ఆయన.

"ఎందుకు లేదు? వీణ్ణి పట్టుకోవాలనే ఈసారి అందులో చెత్త గింజలు పోశాను. అసలు గింజలు చెత్త సంచిలో దాచాను." అంత దూరం వచ్చాక దర్జీ గొంతు సన్నబడింది. "మరి చెత్త గింజకు ఇంత కాయ ఎలా కాసిందిరా?"

భార్య తల పట్టుకుంది. కండక్టరు మైకు అందుకుని, చిల్లర లేని ప్రయాణికుడికి నచ్చజెప్పినంత ఓపిగ్గా అన్నాడు.

"మీ మొదటి రకం సంచి నేనెప్పుడూ ముట్టుకోలేదు బావా, కావాలంటే చెత్తలోంచి ఏరుకోమని మీరే అన్నారుగా, ఏటా అందులోంచే ఒక్కటి ఏరుకుంటున్నాను."