గాలిసంచి దొంగలు

స్తంభం మీద గాలిసంచి లేదు.

సాదిర్‌కుల్ రెండుసార్లు కళ్లు నులుముకున్నాడు. ఇనుప చట్రం ఉంది. దానికి వేలాడాల్సిన ఎర్ర తెల్ల చారల గుడ్డగొట్టం మాత్రం లేదు. గాలి ఎటు వీస్తోందో పైలట్‌కి చెప్పేది ఆ గుడ్డే. అది లేకపోతే కారాబెల్ విమానాశ్రయం ఉత్త గొర్రెల మైదానం. నిజం చెప్పాలంటే అది ఉన్నా గొర్రెల మైదానమే. కాగితాల మీద మాత్రం విమానాశ్రయం, సాదిర్‌కుల్ దానికి అధికారి.

పది రోజులుగా కనుమలో మబ్బు పట్టి విమానమే రాలేదు. అతనికీ ఇంటినిండా చుట్టాలు. స్తంభం వైపు తలెత్తి చూసిన పాపాన పోలేదు. తీరా చూసేసరికి ఇదీ సంగతి.

మామూలు రోజైతే ఎలాగో సర్దుకునేవాడు. రేపు మధ్యాహ్నం రాజధాని ఫ్రూంజె నుంచి ఇన్‌స్పెక్టర్ దిగుతున్నాడు. దేశమంతా పాత విమానాలు తీసేసి కొత్తవి పంచుతున్నారు. కారాబెల్‌కి ఇన్నాళ్లూ వచ్చేది పైలట్ వెనకాల ఒకే ఒక్క మనిషి పట్టే గుడ్డరెక్కల డొక్కు. కొత్తది పన్నెండు మందిని ఎక్కించుకుంటుంది. పురిటినొప్పుల మనిషిని పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోవచ్చు. దాన్ని కారాబెల్‌కి ఇవ్వాలా, పక్క లోయకి ఇవ్వాలా అని తేల్చడానికే ఆయన రాక. ఆయన చూసే జాబితాలో మొదటిదే గాలిసంచి.

విమానం పక్క లోయకి పోతే సాదిర్‌కుల్ ఉద్యోగమూ పోతుంది. పదకొండేళ్లు అధికారి టోపీ పెట్టుకున్న మనిషి మళ్లీ గుర్రాలకి గడ్డి మోయాలి.

గుర్రమెక్కి తిన్నగా ఊళ్లోకి వచ్చాడు.

మొదట ఉన్ని గోదాములో కాటా వేసే ఎషిమ్ ఇల్లు. టీ పోశారు, రొట్టె విరిచారు. సాదిర్‌కుల్ తాగుతూనే నాలుగు మూలలా చూపు తిప్పాడు. ఎషిమ్ కొడుకు, ఏడాది పిల్లాడు, పాకుతూ వచ్చాడు. వాడి టోపీ అంచుకి ఎర్ర తెల్ల చారల ముక్క.

“ఇదేమిటి?”

“గుడ్డ ముక్క అన్నా.” ఎషిమ్ పెళ్లాం తల దించుకుంది. “పిల్లాడికి ఆయుష్షని కుట్టాను.”

“గవర్నమెంటు గుడ్డకి ఆయుష్షేమిటి? విప్పు.”

ఆమె మొగుడి వంక చూసింది. ఎషిమ్ నెమ్మదిగా అన్నాడు. “విప్పేది కాదన్నా అది. నువ్విప్పుడున్న పరిస్థితిలో నీతో నేనేం వాదిస్తాను? ఇంకో గిన్నె టీ తాగు.”

దొంగసొత్తు కొడుకు నెత్తిన పెట్టి, పైగా నాకు టీ పోస్తాడా వీడు, అనుకుంటూ సాదిర్‌కుల్ ఆ టీ కూడా తాగేసి బయటపడ్డాడు.

తర్వాత బడిపంతులు జుమాష్. పార్టీ మనిషి. దేవుడు లేడని వారానికి రెండుసార్లు పిల్లలకి పాఠం చెబుతాడు. పొగాకు డబ్బా కోసం కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. డబ్బాతో పాటు నాలుగు మడతలు పెట్టిన చారల ముక్క బయటికొచ్చింది.

“పంతులూ, నీకేం పొయ్యేకాలం?”

పంతులు చెవులు ఎర్రబడ్డాయి. “జిల్లా ఆఫీసులో అనకు బాబూ. నమ్మకమని కాదు. ఉంటే పోయేదేముంది అని దాచుకున్నా.”

“ఇటియ్యి.”

“ఇవ్వను. అడగాల్సిన వస్తువేనా అది? నీకు మతి స్థిమితంగా లేదు కాబట్టి ఊరుకుంటున్నాను.”

మిట్టమధ్యాహ్నానికి పంతొమ్మిది ఇళ్లు తిరిగాడు. పంతొమ్మిది ముక్కలు చూశాడు. ఉయ్యాల తాడుకి ఒకటి, కొత్త పెళ్లికూతురి జడకి ఒకటి, దగ్గుతున్న ముసలి గాడిద మెడలో ఒకటి. ఊరు ఊరంతా కలిసి దోచుకుని వాటాలు వేసుకుంది. ఒక్కడూ కాదని బొంకడు. ఒక్కడూ తిరిగివ్వడు. పైగా జాలిచూపులొకటి. కమ్మరి అయితే దగ్గరికొచ్చి వీపు నిమిరాడు.

“లోపల పెట్టుకోకు తమ్ముడూ. ఏడ్చెయ్యి, తేలికవుతుంది.”

“గాలిసంచి కోసం ఏడవడమేమిట్రా, పిచ్చి వెధవా.”

ఇక సాదిర్‌కుల్ ఓపిక చచ్చిపోయింది. నడివీధిలో గుర్రం ఆపి, రికాబుల మీద నిలబడి గొంతెత్తాడు. నలభై ఇళ్లూ నలభై దొంగల కొంపలన్నాడు. రేపు ఇన్‌స్పెక్టర్ దిగగానే మిలీషియా పోలీసులకి కబురు పెట్టిస్తానన్నాడు. జనం తలుపుల్లోంచి తొంగిచూశారు.

ఊళ్లో అందరికంటే పెద్దదైన ఊల్బాలా అవ్వ కర్ర తాటించుకుంటూ వచ్చి గుర్రం కళ్లెం పట్టుకుంది. ఆవిడ మణికట్టుకీ ఉంది చారల ముక్క.

“ఎవర్నిరా పట్టిస్తానంటున్నావు?”

“నిన్నూ వదలను అవ్వా. కానీ ముందు ఆ గుడ్డ చింపి పంచినవాడెవడో చెప్పు. వాణ్ణి జైలుకి పంపుతాను.”

“పేరు చెబితే నిజంగా పంపుతావా?”

“పంపుతాను. మా నాయనమ్మ మీద ఒట్టు.”

అవ్వ అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

“ఆ నాయనమ్మని మట్టిచేసిన రోజునే కదరా, తొంభై ఆరేళ్లు బతికిన మనిషి ఆయుష్షు ఊరందరికీ అంటాలి, తలా ఓ గుడ్డముక్క పంచాలి, దుకాణంలో గుడ్డ లేకపోతే ఎక్కడుంటే అక్కణ్ణుంచి పీక్కురండి అని కేకలేసి, మీ ఆవిడ తెచ్చినదాన్ని కళ్లనిండా నీళ్లతో నువ్వే చింపి మా అందరి చేతుల్లో పెట్టావు.”