బొమ్మలకు మాటలు

“బొమ్మ తీసెయ్యక్కర్లేదు. కానీ దాని కింద, అందులో ఏముందో మాటల్లో రాయాలి. ప్రతి బొమ్మకీ,” అంది ఇంజనీరమ్మ.

టైపింగు షాపు నడిపే డీటీపీ ఆయనకు గుండెల్లో రాయి పడింది.

ఊరికి నీళ్ళు పంపే పంపుహౌసు యంత్రాల పుస్తకం అది. అచ్చువేస్తే దిండంత అవుతుంది. ఎవరో ఎప్పుడో కూర్చుని ముచ్చటగా పేర్చిన ఫైలు. ఎక్కడి లెక్క అక్కడ, ఎక్కడి బొమ్మ అక్కడ. దాన్ని ఇప్పుడు వర్డ్‌లోకి మార్చాలట.

మార్చగానే అనుకున్నంతా అయింది. లెక్కలు ముక్కలై పేజీ అంతా చెదిరిపోయాయి. వాల్వు బొమ్మ పోయి మోటారు పేరు మీద కూర్చుంది. మోటారు బొమ్మ జాడే లేదు.

లక్షణంగా ఉన్నదాన్ని ఇలా పాడుచెయ్యడం దేనికని ఉండబట్టలేక అడిగాడు.

“అచ్చు ఫైలును కంప్యూటరు సరిగ్గా చదివి వినిపించదండి. వర్డ్ అయితే చదువుతుంది. ఇది వాడే మనిషికి చూపు ఉండదు,” అందావిడ.

అదా సంగతి అనుకున్నాడు. ఆవిడ ఆఫీసులో చూపులేని ఉద్యోగి ఎవరో ఉన్నాడన్నమాట. ఆ బాధ్యత ఈవిడ నెత్తిన పడిందన్నమాట.

అప్పట్నుంచి ఆవిడ రోజూ మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చునేది. పని ఎంత ముంచుకొచ్చినా పొద్దువాలక ముందే లేచి వెళ్ళిపోయేది. ఒకరోజు స్టూలు తగిలి తూలిపడబోయి, దారికడ్డంగా పెడతారేమిటని విసుక్కుంది. స్టూలు మాత్రం ఎప్పుడూ ఉండే చోటే ఉంది.

ఆయన భార్య షాపులోనే జెరాక్సు మిషను దగ్గర కూర్చునేది. ఆమెకు ఇంజనీరమ్మంటే గిట్టేది కాదు. “నిన్న బజార్లో పక్కనే నిలబడి పలకరింపుగా నవ్వాను. తల కూడా తిప్పలేదు. ఏం చూసుకునో ఆ పొగరు,” అని దెప్పింది.

అసలు గొడవ వాల్వుల అధ్యాయం దగ్గర వచ్చింది.

నీటి ఒత్తిడి పెరిగినప్పుడు ఏ చక్రం తిప్పాలో చూపించే బొమ్మ అది. డీటీపీ ఆయన దాని కింద శ్రద్ధగానే రాశాడు. ఇంజనీరమ్మ కంప్యూటరు చేత చదివించి, కళ్ళు మూసుకుని వింది. నిజంగా అక్కడ నిలబడ్డట్టు గాలిలో చెయ్యి చాచింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఎర్ర చక్రం అని రాశారు. ఎరుపని ఎలా తెలుస్తుందండీ? ఏ చేతివైపు ఉంది? ఎంత ఎత్తులో ఉంది? తాకితే ఎలా ఉంటుంది? పొరపాటున రెండో చక్రం తిప్పితే పైపు పగులుతుంది. పక్కనున్న మనిషి బతకడు.”

పొద్దున్నుంచీ బొమ్మలతో కుస్తీపట్టి ఉన్నాడేమో, ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

“తప్పుగా అనుకోకండి మేడమ్. చూపులేని మనిషికి ప్రాణాల మీదికొచ్చే ఆ పని దేనికి? ఓ మూల కుర్చీ వేసి కూర్చోబెడితే పోలా?”

ఆవిడ ముఖం పాలిపోయింది.

“ఆ కుర్చీ ఎలాగూ సిద్ధంగానే ఉందండి. పైవాళ్ళు పరీక్ష పెడతామన్నారు. ఈ పుస్తకం విని యంత్రాలు నడిపి చూపిస్తేనే ఉద్యోగం నిలిచేది,” అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

నోటికి అడ్డూ ఆపూ ఉండక్కర్లేదా అని ఆయన్ని చివాట్లు పెట్టింది భార్యే. ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడు ఆవిడ వస్తుందో రాదో అని వీధి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు.

వచ్చింది. ఏమీ జరగనట్టే కుర్చీ లాక్కుంది.

“ఓసారి ఆ పంపుహౌసు చూపిస్తారా మేడమ్? బొమ్మ చూసి రాస్తే తప్పు పోతోంది,” అన్నాడాయన తలొంచుకుని.

తీసుకెళ్ళింది. లోపల మోటార్ల హోరు, కాళ్ళ కింద వణికే నేల. ఆవిడ మాత్రం సొంత వంటింట్లో తిరిగినట్టు పైపులను చేత్తో రాసుకుంటూ తిరిగింది. యంత్రాలంటే ఈవిడకెంత ఇష్టమో అనుకున్నాడు. తనూ కళ్ళు మూసుకుని చక్రాలు తడిమాడు. ఇన్నాళ్ళూ బొమ్మల్లో రంగులు తప్ప ఇంకేమీ చూడలేదని అప్పుడు తెలిసొచ్చింది. ఒకటి నడుమెత్తులో కుడిచేతికి అందుతోంది, అంచు గరుగ్గా ఉంది. ఇంకోటి మోకాలి దగ్గర, నున్నగా, చల్లగా.

రాసినదంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రతి బొమ్మకూ చేతికి తగిలే మాటలు వెతికాడు. తెలియనిచోట పంపుహౌసుకు పరుగెత్తాడు. ముక్కలైన లెక్కలను ఒక్కొక్కటే అతికించాడు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, నడుం పట్టేసింది.

చివరి రోజు ఆవిడ వాల్వుల అధ్యాయం మొదట్నుంచీ వింది. ఈసారి గాలిలో చెయ్యి ఎక్కడా ఆగలేదు.

డీటీపీ ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు తూలిన మాట ఇంకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. దాన్ని ఎలాగైనా తీసేసుకోవాలనిపించింది.

“మౌసు లేకుండా, కీబోర్డుతోనే కావలసిన పేజీకి పోయే పద్ధతి ఒకటుంది మేడమ్. ఆయన్ని ఓసారి మా షాపుకి తీసుకురండి. నేనే పక్కన కూర్చుని నేర్పిస్తాను,” అన్నాడు.

“రోజూ వస్తూనే ఉన్నానుగా,” అంటూ ఇంజనీరమ్మ కీబోర్డు తన ముందుకు లాక్కుంది, “మిగిలిన ఈ కాస్త చూపూ పోకముందే నేర్పండి.”