కారణం గడిలో రాసింది

ఉదయం తొమ్మిదింటికి మంచానికి కట్టేసిన రోగిని నర్సు పదకొండింటికి విప్పింది. ఆ మానసిక వార్డులో ఇరవై ఎనిమిది మంది రోగులు. నర్సు ఆమె ఒక్కతే.

మణికట్లు రుద్దుకుంటూ అతను ఆమె చేతిలోని రికార్డులోకి తొంగి చూశాడు. కారణం గడిలో "నర్సును కొట్టబోయాడు" అని ఆమె రాసి ఉంది.

"నేను నిన్ను కొట్టబోయానా సిస్టరమ్మా?"

"లేదు బాబాయ్. తలుపు దగ్గర నిలబడి ఒకటే అరుపులు. ఇటు ఇంకొకాయన కింద పడ్డాడు. ఎటు పోను?"

"మరి అదే రాయి."

రికార్డులో రాసింది చెరపకూడదు. ఆమె ఆ మాట మీద ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టి, కింద రాసింది: "రోగి ఎవరి మీదికీ రాలేదు. రెండో నర్సు లేక కట్టేశాను."

మనుషులు చాలకపోవడం చట్టం ఒప్పుకునే కారణం కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఇక నిన్ను కట్టేస్తారులే," అన్నాడతను. ఇద్దరూ నవ్వారు.

మధ్యాహ్నం పెద్ద నర్సు ఫోన్ చేసింది.

"ఆ రోగిని అన్యాయంగా కట్టేశావని రేపు పదింటికి నీ మీద విచారణ. నీ బదులు వార్డులో ఉండటానికి ఎవరూ లేరు. వచ్చేముందు ఆయన్ని కట్టేసి రామ్మా."