నలభై ఒకటో నంబరు

"రన్ ఆఫ్ ది మిల్," అంది డాక్టరమ్మ, మైక్రోస్కోపులోంచి కన్ను తీయకుండానే. "తరవాతది ఇవ్వు బాబాయ్."

టెక్నీషియన్ తరవాతి స్లయిడు ఇవ్వలేదు.

పదిహేనేళ్లుగా ఆ మాట వింటున్నాడు. మిల్లులోంచి వచ్చింది వచ్చినట్టు, మంచీ చెడూ ఏరకుండా అమ్మేసే బట్టను అలా అనేవారట. విశేషమేమీ లేని దేనికైనా వాడుకోవచ్చని ఆమే చెప్పింది. క్యాంటీన్ టీకి వాడేది, కొత్త సినిమాకి వాడేది, చివరికి తన పెళ్లికి కూడా వాడేసింది. ఎవరూ చూడని జబ్బు కనబడితే మాత్రం పదిమందినీ పిలిచి చూపించేది. ఇన్నాళ్లూ ఆ మాట వినగానే అతను నవ్వేవాడు. ఇవాళ నవ్వు రాలేదు.

"మామూలంటే ఏమిటమ్మా?" అన్నాడు.

"రొమ్ము క్యాన్సర్. రోజూ చూసేదే."

సిబ్బంది శాంపిళ్లూ, వాళ్ల ఇళ్లలోవాళ్లవీ బయటి ల్యాబుకే పంపాలన్నది అక్కడి నియమం. సొంతవాళ్లదని తెలిస్తే కన్ను తడబడుతుంది కదా. ఇప్పుడామె చూస్తున్న నలభై ఒకటో నంబరును అతను పంపలేదు. ఈమె కన్ను మీద ఉన్న నమ్మకం అతనికి ఇంకెవరి మీదా లేదు. అందుకే మిగతావాటితోపాటు ఒట్టి నంబరు వేసి ట్రేలో కలిపేశాడు. పేరున్న చీటీ జేబులో పెట్టుకున్నాడు. ఏమీ లేదని ఆమె నోట వింటే చాలనుకున్నాడు.

ఇంకోసారి చూడమన్నాడు. చూసింది. రంగు సరిగా పట్టలేదేమో, మళ్లీ వేసి తెస్తానన్నాడు. రంగు బ్రహ్మాండంగా పట్టిందంటూ ఆమె తలెత్తింది. అప్పుడు కనబడింది అతని మొహం.

"మీ ఇంట్లోవాళ్లదా బాబాయ్?"

"కావాల్సిన మనిషమ్మా."

రెండు రోజుల సెలవు తరవాత ఆమె డ్యూటీకి వచ్చింది ఇవాళే. ఇంకా నీరసంగానే ఉంది. అయినా లేచి, ఎడమచెయ్యి కదపకుండా కుడిచేత్తో కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది. నియమం తప్పినందుకు చీవాట్లు పెడుతుందనుకున్నాడు. పెట్టలేదు. ఈ జబ్బు విషయంలో మామూలుది కావడమే అదృష్టమని, దీని వైద్యం అందరికీ తెలిసిందేనని నచ్చజెప్పింది. దాచిపెట్టి ఆలస్యం చేయడం మాత్రం పాపమంది.

"ఎలా చెప్పనమ్మా? నోరు రావడం లేదు."

"నేను చెప్తాలే. చీటీ ఇటివ్వు."

చీటీ ఎక్కడో పడిపోయిందని అబద్ధమాడదామా అనుకున్నాడు. కానీ అతని చెయ్యి అప్పటికే జేబు మీద ఉంది, ఆమె అది చూసింది. పదిహేనేళ్లలో ఆమె అడిగింది ఇవ్వనన్న రోజు లేదు.

ఇచ్చేశాడు. ఆమె ఫోను దగ్గరికి లాక్కుని, చీటీ మడత విప్పింది.

అందులో ఉన్నది ఆమె పేరే.