కొట్టని డ్రమ్ము

పాత కోతమిషను కిందనుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

చెప్పులు మాత్రం పక్కన బుద్ధిగా విడిచి ఉన్నాయి.

"ఎవరండీ కింద?" అంది డ్రమ్మమ్మ.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయారు. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒక చిన్న షెడ్డు ఉంది. అందులో కూర్చుని ఆమె ఏళ్ల తరబడి ఒకే వస్తువుతో కుస్తీ పట్టింది. కోతమిషను కడుపులో గిర్రున తిరుగుతూ కంకులనుంచి గింజలు రాల్చే డ్రమ్ము అది. అన్నం తింటున్నా డ్రమ్మే, నిద్రలో కలవరించినా డ్రమ్మే. ఆ పేరు రాక ఇంకేం పేరు వస్తుంది.

"ఒక్క నిమిషం అమ్మాయ్," అంది కిందనుంచి గొంతు. "డ్రమ్ముకీ దాని కింద జల్లెడకీ మధ్య సందు మరీ బిగుసుకుపోయింది. ఇలాగే నడిపితే గింజలు పగిలిపోతాయి. కాస్త వదులు చేస్తున్నా."

డ్రమ్మమ్మ గబుక్కున వంగి కిందికి చూసింది.

ఆ సంగతి ఆమె నిన్ననే కనిపెట్టింది. "మనకెందుకు? నోరు మూసుకో," అన్నాడు అన్నయ్య. మూసుకుంది.

ఇవాళ పోటీ. ఈ కోతలకి పాతమిషను వాడాలా, అన్నాచెల్లెళ్లు ఆ డ్రమ్ముతో కొత్తగా చేసిన మిషను వాడాలా అన్నది విత్తనాల సంఘం తేల్చేస్తుంది. పగిలిన గింజ మొలకెత్తదు. అందుకే ఎవరి గింజలు తక్కువ పగిలితే పని వాళ్లది. ఓడిపోతే షెడ్డుకి తాళం వేసి లారీ తోలుకోవడానికి పోతానని అన్నయ్య ముందే చెప్పేశాడు.

మిషను కిందనుంచి ఒక పెద్దాయన పాకుతూ బయటికొచ్చాడు. చేతుల నిండా గ్రీజు, మొహం నిండా నవ్వు.

"మీరు ఈ పాతమిషను కంపెనీ మనిషా?" అంది డ్రమ్మమ్మ.

"ఇప్పుడు ఎవరి మనిషినీ కాదు. రిటైరయ్యాను."

"మరి మీకెందుకండీ ఈ పని?"

"దాన్ని అలా చూసి ఊరుకోలేకపోయాను. నీ డ్రమ్ము ఒకసారి చూడనిస్తావా?"

"చూడనివ్వను."

"పోనీ, నోటితో చెప్పు. అది కంకిని కొడుతుందా?"

డ్రమ్ము గురించి అడిగితే శత్రువుకైనా చెప్పకుండా ఉండలేని మనిషి ఆమె.

"కొట్టదు. అరచేతుల్లో పెట్టి నులిమినట్టు నులుముతుంది. కమ్మీలన్నిటికీ రబ్బరు తొడిగాను. ఈ పాత డ్రమ్ము చేసిన మహానుభావుడెవరో గానీ, గింజలమీద ఏదో పగ ఉన్నట్టుంది. బట్టలుతికినట్టు ఉతికించాడు."

పైన అద్దం తుడుస్తున్న పాతమిషను డ్రైవరు ఏదో చెప్పబోయాడు. పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"బాగా చెప్పావు," అని పకపకా నవ్వాడు.

అప్పుడే అక్కడికొచ్చిన అన్నయ్యకి మాత్రం నవ్వు రాలేదు.

"పెద్దవారని ఊరుకుంటున్నాను. గట్టు అవతలికి నడవండి," అన్నాడు.

పెద్దాయన చెప్పులు తొడుక్కుని గట్టు దాటాడు.

ముందు పాతమిషను చేలో దిగింది. గింజలు పరీక్షించే ఆవిడ నల్లగుడ్డమీద గుప్పెడు గింజలు పోసి, భూతద్దం పెట్టి చూసింది.

"ఈ మిషను ఇంత బాగా రాల్చడం నేనెప్పుడూ చూడలేదు. పగిలినవి చాలా తక్కువ," అంది.

"మన కొంప ముంచాడు ఆ ముసలాయన," అన్నాడు అన్నయ్య, తమ మిషను ఎక్కుతూ.

డ్రమ్మమ్మ తమ డ్రమ్ము బోల్టులు మరోసారి తడిమి చూసింది.

మిషను కదిలింది. పాతదానిలా దడదడలాడలేదు. లోపల డ్రమ్ము తిరుగుతోందా లేదా అని జనం చెవులు రిక్కించి విన్నారు. వెనక పడ్డ గడ్డిని సంఘం అధ్యక్షుడు ఒక మోపు ఎత్తి దులిపాడు. గడ్డిలో గింజ మిగల్లేదు.

పరీక్షించే ఆవిడ మళ్లీ గుప్పెడు పోసింది. భూతద్దం ఇటు జరిపింది, అటు జరిపింది. ఆ గింజలు పక్కకి తోసేసి ఇంకో గుప్పెడు పోసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"పగిలిన గింజ కోసం వెతుకుతున్నానండీ. దొరకడం లేదు."

చేనంతా ఈలలు, చప్పట్లు. అన్నయ్య మిషను మీంచి దూకి చెల్లెల్ని అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. లారీ సంగతి ఇక ఎవరూ ఎత్తరు. డ్రమ్మమ్మ ఏడుస్తూ నవ్వింది. గెలవడం ఇంత బాగుంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు.

గట్టు అవతలనుంచి వచ్చే చప్పట్లు అందరికంటే గట్టిగా వినిపించాయి.

అధ్యక్షుడు దగ్గరికొచ్చాడు.

"ఈ కోతలన్నీ మీవేనమ్మా. ఒక్కమాట చెప్పనా? ఆ పాతదాని బిగింపు నిన్న నేనూ చూశాను. అలాగే వచ్చి ఓడిపోయి ఉంటే, మీది గెలుపని ఒప్పుకునేవాణ్ణి కాదు. తప్పు బిగింపుదని చెప్పి, వచ్చే ఏడు రమ్మనేవాణ్ణి. ఇవాళ అది తన సత్తువంతా చూపించి ఓడింది. ఇక ఎవరూ నోరెత్తడానికి లేదు."

డ్రమ్మమ్మ నవ్వు ఆగిపోయింది.

గట్టువైపు పరుగెత్తింది. పెద్దాయన లేడు. పాతమిషను డ్రైవరు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఆయనేరి?"

"ఇప్పుడే బస్సెక్కారు. నాచేత మీ గింజలు గుప్పెడు తెప్పించుకుని, జేబులో పోసుకుని మరీ వెళ్లారు."

"ఓడింది మీ మిషను కదా. ఆయనకెందుకంత సంబరం?"

"'గింజకి దెబ్బ తగలకుండా రాల్చాలని నేనూ ఎన్నో అవస్థలు పడ్డాను, నావల్ల కాలేదు, ఈ పిల్ల చేసి చూపించింది' అన్నారు."

"అసలెవరండీ ఆయన?"

డ్రైవరు నవ్వాడు.

"పొద్దున మీరు తిట్టారే, ఆ మహానుభావుడు."