ఆఖరి బంతి లేచేదాకా

"ఆఖరి బంతి ఎప్పుడు లేస్తాదండి బాబూ?"

ఉప్పాడ పక్కన, సముద్రం సగం మింగేసిన ఆ జాలరి పేటలో ముసలాయన ఆ మాట అడగడం పొద్దుటి నుంచి అది మూడోసారి.

గున్నేశ్వరరావుకి విసుగొచ్చింది.

"మొదటి బంతే ఇంకా లేవలేదు తాతా. ఆకలేస్తే వచ్చి కూర్చో."

"నాకొద్దండి."

ముసలాయన మళ్ళీ వెళ్ళి, ఒడ్డున బోర్లించిన పడవ పక్కన నిలబడ్డాడు. ఆయన పేరు పోతురాజు.

గున్నేశ్వరరావు పిఠాపురంలో బట్టల కొట్టువారి అబ్బాయి. దుందుభి నామ సంవత్సర ఉగాదిని పేదవాళ్ళతో కలిసి చేసుకోవాలని స్నేహితులను పోగుచేశాడు. పులిహోర గంగాళాలు, బూరెల బుట్టలు, కొట్లోంచి కొత్త చీరలు వ్యానులో వేసుకొచ్చాడు. మనసు మంచిదే. కాకపోతే బ్యానరు మీద వాళ్ళ యువజన సంఘం పేరు పెద్దగానూ, ఉగాది శుభాకాంక్షలు చిన్నగానూ ఉన్నాయి.

పది రోజులుగా వేటకెళ్ళిన పడవలు ఖాళీగానే తిరిగొస్తున్నాయి. పేటలో పిల్లలు గంజి నీళ్ళతో సరిపెట్టుకుంటున్నారు. ఇప్పుడు విస్తళ్ళ ముందు కూర్చుని, వడ్డించేవాళ్ళ చేతులకేసే చూస్తున్నారు.

గున్నేశ్వరరావు దొన్నెలో ఉగాది పచ్చడి పోసుకుని, తనే పోతురాజు దగ్గరికి వెళ్ళాడు.

"పండగపూట ఇదైనా నోట్లో వేసుకో తాతా."

పోతురాజు గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

"నన్ను ముట్టుకోకండి బాబూ!"

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గున్నేశ్వరరావుకి చుర్రుమంది. ఇంత దూరం వచ్చి పెడుతుంటే ఈ బెట్టేంటి అనుకున్నాడు.

రెండో బంతి నడుస్తుండగా చీరల పంపకం మొదలుపెట్టారు.

అప్పుడు కదిలాడు పోతురాజు. వరుసకి బాగా ఎడంగా నిలబడి చేతులు జోడించాడు.

"మా ఇంటిదానికి ఒక చీర ఇప్పించండి బాబూ."

"ఆడవాళ్ళే స్వయంగా వచ్చి తీసుకోవాలి తాతా. పోయినేడు ఇంకో ఊళ్ళో మగాళ్ళ చేతికిస్తే కల్లుపాకలో అమ్ముకున్నారు."

"అది రాలేదండి."

"ఎందుకు రాలేదు?"

పోతురాజు బూరెలు కొరుకుతున్న పిల్లలకేసి చూశాడు.

"పడుకుందండి," అన్నాడు.

"పండగపూట మిట్టమధ్యాహ్నం దాకా పడకేంటి? లేపి తీసుకురా, ఇస్తాను."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పోనీ, ఆ పసుపుపచ్చ చీర ఒకటి తీసి ఉంచండి బాబూ. ఆఖరి బంతి లేచాక వస్తాను."

అలా అని పోతురాజు పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

చీర కావాలి, రంగు కూడా ఆయనే చెప్పాలి! గున్నేశ్వరరావు ఆ పసుపుపచ్చ చీరనే తీసి, కావాలని, వరుసలో తర్వాత వచ్చిన తలుపులమ్మ అనే ఆవిడ చేతిలో పెట్టేశాడు.

ఆఖరి బంతి లేచింది. పిల్లలు చేతులు కడుక్కుని ఇసకలోకి పరుగులు తీశారు.

పోతురాజు వాళ్ళందరినీ ఒకసారి చూసుకుని, పేట చివర నీళ్ళ అంచున ఉన్న తన పాకలోకి వెళ్ళాడు.

గున్నేశ్వరరావు వ్యాను ఎక్కబోతుంటే అటునుంచి ఏడుపు వినబడింది. ముసలాయన గొంతే.

పేటంతా పరుగెత్తింది. వెనకాలే అతనూ వెళ్ళాడు.

పాకలో చాప మీద పోతురాజు భార్య లోవలక్ష్మి ఉంది. నుదుట కుంకుమ దిద్ది ఉంది. తలుపులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చూసి, గుండెలు బాదుకుంది.

"తెల్లారకుండానే పోయినట్టుంది కదయ్యా! కట్టెలా బిగిసిపోయింది. పక్కనే ఉన్నాను, నాకైనా చెప్పలేదేంటయ్యా!"

ఏడుస్తూనే తన కొత్త చీర మడత విప్పి, లోవలక్ష్మి మీద కప్పింది. పసుపుపచ్చ చీర.

లేపి తీసుకురమ్మన్న మాట గుర్తొచ్చి గున్నేశ్వరరావు సిగ్గుతో చితికిపోయాడు. ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు తాతా?"

పోతురాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పేటలో శవముంటే ఎవరూ మెతుకు ముట్టరు బాబూ. పిల్లలు కడుపునిండా తిని పది రోజులైందండి. ఆళ్ళు చేతులు కడుక్కున్నాకే ఏడుద్దామని ఆగాను."