పొల్లాచ్చి బస్సులో పోయిన పత్రం

పొల్లాచ్చి బస్సులో పోయిందని పేపర్లో వేయించిన ఇంటి పత్రం తమిళ్‌సెల్వి ఇంట్లోనే ఉంది. ఆ సంగతి ఆమెకూ, ఆమె తల్లి మూకాయికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

బోండాలు కట్టిచ్చిన కాగితాన్ని నూనె మరకల మీదుగా ఆమె రెండోసారి చదివింది. సింగానల్లూరులో తమ వీధి, తమ ఇంటి నంబరు. అసలు పత్రం ప్రయాణంలో పోయిందట. ఎవరికైనా దొరికినా, ఆక్షేపణ ఉన్నా ఏడు రోజుల్లోగా వకీలు కదిరవన్‌కు తెలపాలట. లేదంటే నకలు తీసుకుని ఇల్లు అమ్ముతారట. వేయించినవాడు ఆమె మరిది ఇళంగో. అదే ఇంట్లో ముందు గదుల్లో కాపురముంటున్నవాడు.

"ఎన్నో తేదీ పేపరే అది?" అంది మూకాయి.

"పోయిన శుక్రవారంది. ఈ పొద్దే కడసారి దినం."

"వాడి వకీలు కాడికి మనమే నడిచి పొయ్యేదా?"

"పోకుంటే ఇల్లు పోతాది మా."

భర్త చనిపోయిన ఏడాది, బ్యాంకు పని అని చెప్పి ఇళంగో ఆమె చేత, ఆమె తరఫున ఇల్లు అమ్మే హక్కు తనకిచ్చే పవర్ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. దాన్ని రద్దు చేయించడానికి సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసులో టోకెన్ దొరికింది. అంతవరకూ అసలు పత్రం వాడి చేతికి చిక్కకూడదు, నకలూ పుట్టకూడదు. వాడికిప్పుడు లేనిదల్లా ఆ పత్రం ఒక్కటే. అది దొరికితే రేపే ఇల్లు చేతులు మారుతుంది.

ఇంట్లో ఉన్న జిరాక్సు ప్రతిని సంచిలో పెట్టుకుని ఇద్దరూ బయలుదేరారు. ముందు గదిలో ఇళంగో ఫోను చూసుకుంటున్నాడు. "ఎక్కడికి వదినా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"అమ్మకు కంటి డాక్టరు," అంది ఆమె.

టౌను బస్సులో నిలబడే చోటు కూడా లేదు. "ఈ లావాటోడు ఇంకొంచెం వంగితే నేను నీ నెత్తి మీదే కూసుంటా," అంది మూకాయి, తన ముందు నిలబడ్డ మనిషిని చూస్తూ, తెలుగులో, గట్టిగానే. తెలుగు అర్థం కాని ఆ మనిషి తిరిగి చూడలేదు. తమిళ్‌సెల్వికి నవ్వు రాలేదు. ముప్పావు గంటసేపు సంచిని పొట్టకు అదుముకునే నిలబడింది.

కోర్టు వెనక సందులో, మేడ మీద వకీలు ఆఫీసు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళారు. కదిరవన్‌కు నలభై ఏళ్ళుంటాయి. నుదుటి మీద విభూతి. "ఉక్కారుంగమ్మా," అని కుర్చీలు చూపించి, తానే లేచి ఫ్యాన్ వేశాడు. టీవీలో వార్తలు చదివేవాళ్ళ లాంటి తమిళం. జిరాక్సును పేజీ పేజీ తిప్పి చదివాడు. ఆ వేళ్ళు ఎక్కడ ఆగుతాయో అని ఆమె చూస్తూ కూర్చుంది.

"పత్రం పోలేదన్నమాట," అన్నాడు తమిళంలో. "అసలుది చూపించండి, నోటీసు ఇప్పుడే వాపసు తీసుకుంటాను."

"తేలేదు సార్. లాకర్లో ఉంది," అంది ఆమె కూడా తమిళంలోనే.

"ఏ బ్యాంకు?"

మూకాయి పక్కనుంచి కూతురి కొంగు లాగింది.

"లాకరంటావేమే?" అంది తెలుగులో. "తాళంచెవి చూపమంటే ఏం చూపుతావు?"

"మరేం చెప్పేది మా? అటక మీద ఇడ్లీ అండాలో పెట్టినామని చెప్పేదా?"

"కొంచెం నవ్వుతా మాట్లాడు. నీ మొగం చూస్తే పసిబిడ్డకు కూడా తెలుస్తాది."

తమిళ్‌సెల్వి నవ్వు తెచ్చిపెట్టుకుంది. వకీలు కూడా మర్యాదకు నవ్వి, "అమ్మ ఏమంటున్నారు?" అని అడిగాడు.

"ఎండెక్కుతోంది, తొందరగా పోదామంటోంది సార్."

"పెద్దవాళ్ళు. పాపం," అన్నాడు అతను. ఇక బ్యాంకు పేరు అడగలేదు. తెల్లకాగితం ముందుకు జరిపి, ఆక్షేపణ ఎలా రాయాలో వాక్యం వాక్యం చెప్పి రాయించాడు. అందినట్టు సంతకం చేసి, ముద్ర వేసి, ఒక ప్రతి ఆమెకిచ్చాడు.

"ఇది ఉన్నంతవరకూ నకలుకు ఎవరూ ఒప్పుకోరు. ధైర్యంగా వెళ్ళండి."

తమిళ్‌సెల్వి రెండు చేతులూ జోడించింది. సోమవారం దాకా ఇల్లు నిలిచినట్టే.

గుమ్మం బయట మూకాయి చెప్పుల్లో ఒకటి బెంచీ కిందికి పోయింది. తమిళ్‌సెల్వి వంగి దాన్ని లాగుతోంది.

"ఎంత నెమ్మదైన మనిషే," అంది మూకాయి గోడ పట్టుకుని. "ఆ ఇళంగోకి ఇట్లాంటి వకీలు ఎట్ల దొరికినాడు?"

లోపల వకీలు ఫోన్లో ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టాడు. తమిళం కాదు, తమ ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. తమిళ్‌సెల్వి చెయ్యి చెప్పు మీదే ఆగిపోయింది.

"ఇళంగో అన్నా, నేను కదిరవన్ని. లాకరూ లేదు గీకరూ లేదు, అటక మీద ఇడ్లీ అండాలో ఉండాది. వాళ్ళు ఇల్లు చేరేదానికి ఇంకా ముప్పావు గంట పడతాది, నిదానంగా దించుకో."